అక్కడ గడ్డా? దాచొద్దు.. దడుచుకోవద్దు!

స్నానం చేస్తున్నప్పుడో, నెలసరిలో ప్యాడ్ మార్చుకుంటున్నప్పుడో చేతికి ఏదో తగులుతుంది. బఠాణీ గింజంత బుడిపె. నిన్నటిదాకా లేదు. నొప్పీ లేదు. మరి ఇదేంటి? చాలామంది ఆడవాళ్లకు వెంటనే రెండే అనుమానాలు వస్తాయి. ఒకటి క్యాన్సర్. రెండోది సుఖవ్యాధి. మొదటి అనుమానంతో నిద్ర పట్టదు. రెండో అనుమానంతో నోరు పెగలదు. దీంతో నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా లోలోపలే కుమిలిపోతుంటారు. నిజానికి జననాంగాల దగ్గర కనిపించే గడ్డల్లో చాలావరకు ఈ రెండూ కావు. అలాగని అన్నింటినీ ఒకే గాటన కట్టి వదిలేయటానికీ లేదు. దేని గురించి నిశ్చింతగా ఉండొచ్చు, దేన్ని వారంలోగా చూపించుకోవాలి, దేనికి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలన్నది తెలుసుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

కూచిపూడి అనగానే అందరికీ నాట్యం గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల మొవ్వ, పామర్రు, ఘంటసాల, చల్లపల్లి ఊళ్ల నుంచి, ఇటు దివిసీమ నుంచి ప్రభుత్వాసుపత్రి ఓపీకి వచ్చే ఆడవాళ్లలో వరినాట్లు, కలుపుతీతలు, రొయ్యల షెడ్లలో పనులు చేసుకునేవారే ఎక్కువ. వీళ్లు ‘కింద గడ్డ వచ్చింది’ అని నేరుగా చెప్పరు. నడుంనొప్పి అంటారు. నీరసం అంటారు. బీపీ చూసి, మందులు రాసి, చీటీ చేతికిచ్చాక లేచి గుమ్మం దాకా వెళ్తారు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ‘ఇంకోటి డాక్టరుగారూ..’ అంటారు. అసలు సమస్య ఆ ‘ఇంకోటి’లోనే ఉంటుంది.

ముందు.. ఏది గడ్డ కాదో తెలుసుకోండి

మన ముఖాన్ని రోజూ అద్దంలో చూసుకుంటాం. జననాంగాలను చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా చూసుకుని ఉండరు. అందుకే ఎప్పట్నుంచో ఉన్నది కూడా ఒకరోజు కొత్తగా కనిపిస్తుంది. యోని లోపలి పెదవులు రెండూ ఒకేలా ఉండాలనేం లేదు. ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా ఉండటం చాలామందిలో మామూలే. లోపలి పెదవుల మీద ఆవగింజల కన్నా చిన్నగా, లేత పసుపు రంగులో చుక్కలు కనిపించొచ్చు. ఇవి నూనె గ్రంథులు. వీటిని ఫోర్డైస్ మచ్చలంటారు. ద్వారం దగ్గర రెండువైపులా ఒకే తీరుగా, వరుసగా, మెత్తగా ఉండే గులాబి రంగు మొనలు కూడా సహజమే. వీటిని పులిపిర్లనుకుని కాల్పించుకునేవాళ్లు ఉన్నారు. కాన్పు తర్వాత ద్వారం దగ్గర చిన్న చర్మపు తోకల్లాంటివి మిగిలిపోవచ్చు. వీటిలో దేనికీ చికిత్స అక్కర్లేదు.

నెలకోసారి చేతిలో చిన్న అద్దం పట్టుకుని, మంచి వెలుతురులో చూసుకోవటం అలవాటు చేసుకోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీకు మామూలుగా ఉండేదేంటో తెలిస్తేనే, కొత్తగా వచ్చిందేంటో తెలుస్తుంది.

ద్వారం పక్కన, ఒకవైపే ఉంటే

యోనిద్వారానికి రెండువైపులా బఠాణీ గింజంత గ్రంథులు రెండుంటాయి. ద్వారాన్ని గడియారంలా ఊహించుకుంటే 4, 8 అంకెలుండే చోట ఇవి ఉంటాయి. డెన్మార్క్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త కాస్పర్ బార్తోలిన్ 1677లో వీటిని వివరించారు. అందుకే బార్తోలిన్ గ్రంథులంటారు. ద్వారం తడిగా ఉండేలా చూడటం వీటి పని. మామూలుగా చేతికి తగలవు. వీటి సన్నటి గొట్టం మూసుకుపోతే స్రావం లోపలే పేరుకుని నీటితిత్తిలా ఉబ్బుతుంది. ఒకవైపే గుండ్రంగా, మెత్తగా, నొప్పి లేకుండా ఉంటుంది. నూటికి ఇద్దరు ఆడవాళ్లలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది తలెత్తుతుందని అంచనా. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవారిలో ఎక్కువ.

తిత్తి చిన్నగా, నొప్పి లేకుండా ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. చీము పడితేనే కష్టం. రెండు మూడు రోజుల్లోనే ఎర్రగా వాచి, కూర్చోలేక, నడవలేక, జ్వరంతో వస్తారు. ఇది గనేరియా వల్లే వస్తుందని ఒకప్పుడు గట్టిగా అనుకునేవారు. కానీ చీమును పరీక్షిస్తే ఎక్కువగా కనిపించేది మన పేగుల్లోనే ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా. కాబట్టి బార్తోలిన్ గడ్డ వచ్చినంత మాత్రాన భార్యనో భర్తనో అనుమానించటానికి కారణమేం లేదు.

చీముగడ్డకు కేవలం మాత్రలు మింగితే సరిపోదు. చీము బయటికి రావాలి. ఊరికే గాటు పెట్టి పిండేస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది. అందుకే చిన్న రబ్బరు గొట్టం అమర్చి నాలుగు వారాల వరకూ ఉంచటం గానీ, తిత్తి అంచులను చర్మానికి కుట్టి కొత్త దారి చేయటం గానీ చేస్తారు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. నలభై దాటాక ఇక్కడ కొత్తగా గడ్డ వస్తే అది తిత్తేనని మనంతట మనం తేల్చుకోకూడదు. అరుదే అయినా ఈ గ్రంథిలో క్యాన్సర్ రావొచ్చు. ముక్క తీసి పరీక్షించాలి.

వెంట్రుకలున్న చోట వస్తే

బయటి పెదవుల మీద, గజ్జల్లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం వెంట్రుక కుదుళ్లకు సంబంధించినవే. బ్లేడుతో గీసుకోవటం, మన కోస్తా ఉక్కపోతలో బిగుతైన నైలాన్ లోదుస్తులు వేసుకోవటం, తడిసిన బట్టలతోనే రోజంతా పొలంలో ఉండటం, గంటల తరబడి సాధన చేసి చెమట బట్టలు మార్చుకోకపోవటం.. ఇవన్నీ కారణాలే. ముందు చిన్న ఎర్రటి పొక్కులా మొదలై సెగ్గడ్డగా మారుతుంది. గోరువెచ్చటి నీటి కాపడం పెడుతుంటే చిన్నవి వాటంతటవే తగ్గుతాయి.

సెగ్గడ్డలు మాటిమాటికీ వస్తుంటే మాత్రం గడ్డకు మందు రాసుకుని ఊరుకోవద్దు. షుగర్ పరీక్ష చేయించుకోండి. కొందరికి మధుమేహం ఉందన్న సంగతి ఈ సెగ్గడ్డల వల్లే బయటపడుతుంది. రెండు చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద ఏళ్ల తరబడి గడ్డలు వచ్చి, పగిలి, దారులు పడి, మచ్చలు కడుతుంటే అది హైడ్రాడినైటిస్ అనే దీర్ఘకాల చర్మ సమస్య కావొచ్చు. దీనికి చర్మవ్యాధి నిపుణుల దగ్గర నెలల పాటు చికిత్స అవసరం. ఇది అపరిశుభ్రత వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు.

తెల్లగానో పసుప్పచ్చగానో గట్టిగా, చర్మం కింద కదులుతున్నట్టు ఉండి, ఏళ్లు గడిచినా పెద్దగా మారనివి చర్మపు తిత్తులు. లోపల గట్టి పాలమీగడలాంటి పదార్థం ఉంటుంది. పిండొద్దు. ఇబ్బంది పెడితే చిన్న ఆపరేషన్‌తో తీసేయొచ్చు.

బుడిపెలు గుంపుగా ఉంటే

గరుకుగా, గోబీపువ్వు ముక్కల్లా, ఒకటి రెండుతో మొదలై గుంపుగా పెరుగుతుంటే అవి జననాంగ పులిపిర్లు కావొచ్చు. వీటికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఇది లైంగికంగా, చర్మం చర్మం తగలటం ద్వారా వ్యాపిస్తుంది. ఇందులో చాలా రకాలున్నాయి. పులిపిర్లలో దాదాపు 90 శాతానికి 6, 11 రకాలు కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధానంగా 16, 18 రకాలు కారణం. అంటే పులిపిర్లు వచ్చాయంటే క్యాన్సర్ వచ్చిందని కాదు. కానీ ఒక రకం సోకినవారికి ఇంకో రకం కూడా సోకి ఉండొచ్చు కాబట్టి ముఖద్వార పరీక్ష చేయించుకోవటం మంచిది.

ఇంట్లో గొడవలు మొదలయ్యేది ఇక్కడే. ‘ఎవరి నుంచి వచ్చింది? ఎప్పుడు వచ్చింది?’ అని నిలదీస్తారు. ఈ ప్రశ్నలకు ఏ పరీక్షా జవాబు చెప్పలేదు. వైరస్ సోకిన కొన్ని వారాలకే పులిపిర్లు రావొచ్చు, నెలలు పట్టొచ్చు, కొందరిలో ఏళ్ల తర్వాతా బయటపడొచ్చు. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ గర్భం దాల్చినప్పుడో, రోగనిరోధకశక్తి తగ్గినప్పుడో పైకి రావొచ్చు. కాబట్టి పులిపిరి చూసి ఎవరి నడవడికనూ తీర్పు చెప్పొద్దు. భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి చూపించుకోవటమే సరైన పని. పూత మందులు, చల్లటి ద్రవంతో మాడ్చటం, విద్యుత్తుతో తీసేయటం వంటి చికిత్సలున్నాయి. గర్భిణులకు కొన్ని పూత మందులు పనికిరావు. గర్భంతో ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

ఈ నాలుగు రకాల నుంచీ రక్షణనిచ్చే టీకాలున్నాయి. మన దేశంలోనే తయారైన సర్వావ్యాక్ 2023లో అందుబాటులోకి వచ్చింది. లైంగిక జీవితం మొదలవక ముందే, 9-14 ఏళ్ల మధ్య ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది.

పుండు పడితే

బుడిపెలా మొదలై నొప్పి లేని పుండుగా మారిందా? అది సిఫిలిస్ కావొచ్చు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది కూడా. కానీ జబ్బు ఒంట్లోనే ఉండిపోతుంది. గర్భిణి నుంచి బిడ్డకూ సోకుతుంది. తొలిదశలో ఒక్కసారి ఇచ్చే పెనిసిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బును సిగ్గుతో దాచుకోవటం కన్నా పొరపాటు ఉండదు. నీటి పొక్కులు గుంపుగా వచ్చి, పగిలి, మంట పుడుతుంటే హెర్పిస్ కావొచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో వీటికి పరీక్షలు, మందులు ఉచితం. ఇలాంటి సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చు. పేరు చెప్పాల్సిన పనిలేదు.

గజ్జల్లో బిళ్లలు, ఉబ్బులు

కాలికి ముల్లు గుచ్చుకున్నా, వేళ్ల సందులు పాసినా గజ్జల్లో బిళ్ల కడుతుంది. కాలి పుండు మానితే అదీ తగ్గిపోతుంది. రెండు మూడు వారాలైనా తగ్గకుండా, పెరుగుతూ, గట్టిగా ఉంటే పరీక్ష చేయించాలి. క్షయ, సుఖవ్యాధులు, క్యాన్సర్.. ఇవన్నీ బిళ్లల రూపంలో బయటపడొచ్చు. మురుగు కాలువలు, క్యూలెక్స్ దోమలు ఎక్కువగా ఉండే మన డెల్టాకు బోదకాలు పాత చుట్టమే. అది కాళ్లకే వస్తుందనుకుంటాం. కానీ ఆడవాళ్లలో బయటి జననాంగాలూ వాచిపోవచ్చు. చలి జ్వరంతో పాటు గజ్జల్లో బిళ్లలు, కాలి వాపు మళ్లీమళ్లీ వస్తుంటే ఫైలేరియా పరీక్ష చేయించుకోండి.

దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు గజ్జల్లో ఉబ్బి, పడుకుంటే పోతుంటే అది హెర్నియా కావొచ్చు. ఇది మగవాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. ఆడవాళ్లకూ వస్తుంది.

పొద్దున ఉండదు.. సాయంత్రానికి దిగుతుంది

పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదు. రోజంతా నిలబడి పనిచేశాక, సాయంత్రానికి ద్వారం దగ్గర మెత్తటి ముద్ద చేతికి తగులుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది. ‘ఏదో జారుతున్నట్టుంది’ అంటారు. ఇది గడ్డ కాదు. గర్భసంచో, మూత్రాశయమో, పెద్దపేగు చివరి భాగమో కిందికి జారుతోందన్నమాట. వీటిని పట్టి ఉంచే కటి కండరాలు వదులవటమే దీనికి మూలం. ఎక్కువ కాన్పులు, కష్టమైన కాన్పులు, బాలింతగా ఉండగానే బరువులెత్తటం, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు.. ఇవన్నీ దీనికి దారితీస్తాయి. నెలసరి ఆగాక కండరాలు మరింత పట్టు తప్పుతాయి.

మన పల్లెల్లో ఆడవాళ్లు దీంతో పదేళ్లు, ఇరవై ఏళ్లు కూడా నెట్టుకొస్తుంటారు. గుడ్డ పెట్టి లోపలికి నెట్టుకుంటారు. దగ్గితే మూత్రం పడుతుందని పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లటం మానేస్తారు. బస్సెక్కాలంటే భయం. భర్తకు దూరంగా పడుకుంటారు. కారణం మాత్రం చెప్పరు. ఇదంతా మౌనంగా భరించాల్సిన పనిలేదు. తొలిదశలో మూత్రం ఆపుకొంటున్నట్టుగా కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు బాగా ఉపయోగపడతాయి. బిగించి అయిదారు సెకన్లు ఉంచాలి, వదలాలి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు పూటలు. కనీసం మూడు నెలలు చేస్తేనే ఫలితం తెలుస్తుంది. ఇంకాస్త జారితే లోపల అమర్చే రింగులున్నాయి. ఆపరేషన్ తప్పనిసరైనా, గర్భసంచిని ఉంచి పైకి కట్టే పద్ధతులూ ఉన్నాయి.

ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద దాదాపు 3 శాతం ఉంటే, మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం ఉన్నారు. ‘కింద ఏదో ఉంది’ అనగానే ‘సంచి తీసేద్దాం’ అని ఎవరైనా అంటే ఆగండి. జబ్బు పేరేంటి? ఎంతవరకు జారింది? వేరే మార్గం లేదా? ఈ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబు తృప్తిగా లేకపోతే మరో వైద్యుల సలహా తీసుకోండి.

క్యాన్సర్‌ను ఎప్పుడు అనుమానించాలి?

బయటి జననాంగాలకు వచ్చే క్యాన్సర్ అరుదు. ఎక్కువగా అరవై దాటినవారిలో కనిపిస్తుంది. ఇది చాలాసార్లు గడ్డతో కాదు, దురదతో మొదలవుతుంది. నెలల తరబడి తగ్గని దురద, చర్మం తెల్లబడి పలచబారటం లేదా మందంగా మారటం, మానని పుండు, గట్టిగా ఉండి పెరుగుతున్న బుడిపె, రంగు మారుతున్న పుట్టుమచ్చ, నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపించటం.. వీటిలో ఏదున్నా ఆలస్యం చేయొద్దు. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీతో సంగతి తేలిపోతుంది. ‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అనే మాట నిజం కాదు. త్వరగా గుర్తిస్తే చిన్న ఆపరేషన్‌తో బయటపడొచ్చు.

ఆ రాత్రే వెళ్లాల్సినవి

• గడ్డతో పాటు చలి, తీవ్ర జ్వరం.
• గంటల్లోనే వాపు పాకటం, చర్మం నల్లబడటం, దుర్వాసన. మధుమేహం ఉన్నవారికి ఇది ప్రాణాపాయం.
• గజ్జల్లో ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, వాంతులు, కడుపునొప్పి.
• పడినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో వేగంగా పెరుగుతున్న వాపు.
• మూత్రం రాకపోవటం.

ఇలాంటప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

చాలామందిని ఆపేది ఈ భయమే. ముందు మాట్లాడతారు. ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, నొప్పి, జ్వరం, తెల్లబట్ట, మూత్రం మంట ఉన్నాయా అని అడుగుతారు. తర్వాత బయటి నుంచి చూస్తారు. చాలా గడ్డల సంగతి దీంతోనే తెలిసిపోతుంది. పెళ్లికాని ఆడపిల్లలకు లోపలి పరీక్ష చాలాసార్లు అక్కర్లేదు. ‘పిల్లకు ఏమైనా అవుతుందేమో’నని అమ్మలు వెనకాడొద్దు.

తెర వేయమని అడగటం, మగ వైద్యులు పరీక్షిస్తుంటే పక్కన ఒక ఆడమనిషి ఉండాలని కోరటం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. ముందుగా మీ ఊరి ఏఎన్‌ఎమ్‌కో, ఆశా కార్యకర్తకో చెప్పినా దారి చూపిస్తారు. పీహెచ్‌సీ నుంచి గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రులకు గానీ, మచిలీపట్నం పెద్దాసుపత్రికి గానీ పంపిస్తారు. ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ గురించి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంట్లో ఏం చేయొచ్చు? ఏం చేయకూడదు?

వెడల్పాటి టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి రోజుకు మూడు నాలుగుసార్లు పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే చిన్న గడ్డల నొప్పి తగ్గుతుంది. వదులైన నూలు లోదుస్తులు వేసుకోండి. పొలం నుంచి రాగానే తడి బట్టలు మార్చుకోండి. వెంట్రుకలను బ్లేడుతో గీయటానికి బదులు కత్తెరతో కత్తిరించుకోండి.

సున్నం-బెల్లం పట్టు, జిల్లేడు పాలు, యాసిడ్ చుక్కలు వద్దు. అక్కడి చర్మం చాలా పలుచన, ఇట్టే కాలిపోతుంది. సూదితో గుచ్చొద్దు, పిండొద్దు. లోపలికంటా సబ్బుతోనో డెటాల్‌తోనో కడగొద్దు. మందుల షాపులో ‘దురద క్రీము’ అని అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. అసలు జబ్బు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవారు చిన్న, నొప్పిలేని గడ్డను రెండు వారాలు గమనించొచ్చు. తగ్గకపోయినా, పెరిగినా చూపించుకోవాలి. నలభై దాటినవారు ఎదురుచూడకుండా వారంలోగా వెళ్లాలి. గర్భిణులు, మధుమేహులు వెంటనే చెప్పాలి. గడ్డ ఎంత చిన్నదైనా, ఎంత ‘చెప్పుకోలేని చోట’ ఉన్నా, వైద్యులకు అది చేతి మీద గడ్డతో సమానమే. ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు నడుంనొప్పి సంగతి తర్వాత చెప్పండి. ముందు దీని గురించి చెప్పండి.

- రచయిత కృష్ణా జిల్లాలో ప్రభుత్వాసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ